కడిగి బోర్లించిన మూకుడు

జనవరి 11

మళ్లీ డైరీ మొదలుపెట్టాను. పత్రికలో పనిచేసినన్నాళ్లూ నా కోపానికి వారం వారం ఒక పేజీ ఉండేది. సైన్సు పేజీ. పక్క పేజీలో మా సంపాదకుడు రాశిఫలాలు వేసేవాడు. అడిగితే, "నీ పేజీ చదివి దిగులుపడ్డవాడికి అక్కడ కాస్త ఊరట" అనేవాడు. ఆయన పోయాడు. సంతాపసభకు నేను వెళ్లలేదు. రిటైరయ్యాక నా పేజీ కూడా పోయింది. కోపం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఇవాళ మా ఆవిడకు రెండో కీమో. రొమ్ములో గడ్డ తీసేసిన గాయం మానింది. ఇక కంటికి కనబడకుండా నాలుగు కణాలు ఎక్కడైనా దాక్కుని ఉంటే వాటి కోసం ఈ మందు. మూడు వారాలకోసారి, సీసాలోంచి చుక్కచుక్కగా. తిరిగొచ్చేటప్పుడు లిఫ్టులో నా భుజం మీద వాలిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నా మీద వాలడం ఇదే మొదలు. కదిలితే పడిపోతుందేమోనని కదలకుండా నిలబడ్డాను. మా అంతస్తు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మళ్లీ మూసుకుపోయాయి.

"ఒళ్లు పిండిన గుడ్డలా ఉందండీ," అంది మంచం మీద ఒరుగుతూ. "నిద్ర కాదు ఇది. నిద్రయితే పోతే తీరుతుంది."

సాయంత్రం కషాయం వచ్చాడు. కషాయం అంటే నా బావమరిది. ఆ పేరు నేను పెట్టిందే. ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. చిన్నప్పుడే తల్లి పోతే వాణ్ని ఈమే పెంచింది. మీసాలు నెరిసి రాలిపోయే వయసులో కూడా "కన్నా" అనే పిలుస్తుంది. వాడిది మూలికల కొట్టు. బోర్డు మీద పేరు పక్కన 'పరిశోధకుడు' అని ఉంటుంది. ఏం పరిశోధించాడో అడగకూడదు.

చేతిలో ఒక డబ్బా. పెన్నేరు పొడి. పొట్లాల మీద అశ్వగంధ అని అచ్చేస్తారు.

"అక్కా, రోజూ గోరువెచ్చటి పాలలో ఒక చెంచా. నెల తిరిగేసరికి నువ్వు మెట్లెక్కి నా కొట్టుకు రాకపోతే నన్నడుగు."

"నీ కొట్టుకు మెట్లున్నాయేమిటోయ్?" అన్నాను.

"ఉన్నాయి బావా. మీరెప్పుడూ ఎక్కలేదంతే."

"డాక్టరుకు చెప్పే వాడాలి ఇలాంటివి."

"పాలు తాగే ముందు కూడా డాక్టర్ని అడగాలా బావా?"

ఆమె నవ్వింది. నా మాటలకు ఆమె నవ్వి చాలా కాలమైంది. వాడు ఏమన్నా నవ్వుతుంది.


జనవరి 12

పొద్దంతా పరిశోధన పత్రాలు చదివాను. నా వయసువాళ్లు ఆ సమయాన్ని కళ్లద్దాలు వెతుక్కోవడంలో గడుపుతారు.

పెన్నేరు వేరులో ఒక పదార్థం ఉంది. గాజుపాత్రలో క్యాన్సర్ కణాల మీద పోస్తే అవి చచ్చాయి. బ్లీచింగు పౌడరు పోసినా చస్తాయి. ఎలుకల్లో గడ్డలు కుంచించుకుపోయాయి. ఎలుకలకు జబ్బులు నయం చెయ్యడంలో మానవజాతి ఎప్పుడో ఆరితేరింది. మనుషుల్లో క్యాన్సర్‌ను తగ్గించినట్టు రుజువు లేదు. ఇక అటువైపు చూస్తే, ఇది తిన్న కొద్దిమందిలో లివర్ దెబ్బతిన్నట్టు వైద్య పత్రికల్లో ఒకదాని తర్వాత ఒకటి కథనాలు. కామెర్లు, దురద. ఆపేస్తే చాలామందికి నెమ్మదిగా తగ్గింది. థైరాయిడ్ మందులతో పేచీ, నిద్రమాత్రలతో పేచీ. కీమో మందును ఒంట్లోంచి సాగనంపాల్సింది కూడా ఆ లివరే కదా. ఒక్క గుమాస్తా నెత్తిన రెండు ఆఫీసుల పని పెట్టడం లాంటిది ఇది.

ఇంకో చిన్న పరిశోధన కూడా ఉంది. రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న ఓ వందమంది. పెన్నేరు తిన్నవాళ్లలో అలసట కాస్త తక్కువగా ఉందట. కానీ చీటీలు వేసి రోగులను రెండు గుంపులుగా పంచలేదు. తినేవాళ్లకూ తెలుసు, ఇచ్చేవాళ్లకూ తెలుసు ఎవరికేం ఇస్తున్నారో. ఇలాంటిది నా పేజీకి వస్తే ఉతికి ఆరేసేవాణ్ని.

మిగతావన్నీ ఆమెకు చదివి వినిపించాను. ఇది వినిపించలేదు. అవసరం లేదు.


జనవరి 14

పై ఫ్లాటు రిటైర్డ్ జడ్జి ఫోనుకు వీడియో పంపాడు. నిమ్మరసం, వంటసోడా, క్యాన్సర్ మాయం. జీవితమంతా సాక్ష్యాలు విన్న మనిషి. ఎవరెవరిని జైలుకు పంపాడో తలుచుకుంటే భయమేస్తోంది.


జనవరి 17

ఆపెయ్యమన్నాను. ఆపనంది.

"నీ తమ్ముడికి తెలిసిందెంత? వాడు రాసిన వ్యాసం గుర్తుందా?"

"నాకెందుకు గుర్తుండదు? ఊరు మొత్తానికీ గుర్తుండేలా చేశారుగా."

వాడు కొట్టు పెట్టిన కొత్తల్లో మూలికల మీద వ్యాసం పంపాడు. వేశాను. ప్రతి వాక్యం కిందా నా వ్యాఖ్యతో సహా వేశాను. ఆ ఆదివారం జనం పకపకా నవ్వుకున్నారు. చాలా కాలం వాడు మా గుమ్మం తొక్కలేదు, ఆమె నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను రాసినవాటిలో అదే ఉత్తమమైనది. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

"మీరు చదివిందంతా నిజమే అయ్యుంటుందండీ," అంది చివరికి, గోడ వైపు తిరిగి. "మంచం మీంచి లేవలేనిది మాత్రం నేను. వాడు ఏదో ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. మీరు చదివి వినిపించారు."


జనవరి 22

ఆమెను కషాయం రక్తపరీక్షకు తీసుకెళ్లాడు. ఇంట్లో నేనొక్కణ్నే.

వంటింట్లోకి వెళ్లాను. మూకుడు ఎక్కడుంటుందో కనిపెట్టడానికే చాలాసేపు పట్టింది. గోధుమపిండి సన్నసెగ మీద వేయించాను. మొదటి వాయి మాడింది, పారబోశాను. రెండో వాయికి సరిగ్గా ఆ రంగు వచ్చింది, తడి ఇసుక రంగు. చేదు కోసం మెంతులు వేయించి, దంచి కలిపాను. వాసన మాత్రం కుదరలేదు. పెన్నేరుకు గుర్రం ఒంటి వాసన. గోధుమపిండికి అది ఎక్కణ్నుంచి వస్తుంది? అయినా కీమో మొదలైనప్పట్నుంచీ తనకు వాసనలు తెలియడం లేదని ఆమే అంది.

డబ్బాలోని పొడి సింకులో పోసి నీళ్లు వదిలాను. నా పిండి డబ్బాలో నింపాను. కిటికీ తెరిచాను. మూకుడు తోమి, కడిగి, తుడిచి బోర్లించాను. ఏ ఆనవాలూ లేదు. నేరవార్తలు దిద్దిన అనుభవం ఊరికే పోలేదు.

దీన్ని మోసం అనరు. పరిశోధనల్లో సగంమందికి ఇచ్చేది ఇదే. పెద్దపెద్ద ఆసుపత్రుల్లో, సంతకాలు తీసుకుని ఇస్తారు.

సంతకం సంగతి వేరు.


జనవరి 25

పొద్దున్నే పాలు నేనే కలుపుతున్నాను. చెంచా తిప్పి, చేతికిచ్చి, తాగేదాకా నిలబడుతున్నాను. ఎక్కువ వేస్తే కషాయానికి ఎందుకు తొందరగా అయిపోయిందో చెప్పాలి, తక్కువ వేస్తే ఆమెకు అనుమానం.

కషాయం కొత్త పొట్లం తెచ్చాడు. "ఇటివ్వు, డబ్బాలో నేను పోస్తాను," అన్నాను.

"అక్కా, బావ మారిపోయాడు!"

"అవునురా," అంది ఆమె, నా వైపు చూస్తూ.


ఫిబ్రవరి 5

మూడో కీమో అయి నాలుగైదు రోజులైంది. పోయినసారికంటే తేలిగ్గా ఉంది. లేచి బీరువా సర్దింది. బాల్కనీలో కుర్చీ వేయించుకుని కింద పార్కింగులో ఎవరు ఎవరికి అడ్డంగా కారు పెట్టారో నాకు వరుసగా చెప్పింది.

"కన్నా, నీ పొడి పనిచేస్తోందిరా," అంది తమ్ముడితో.

వాడు నా వైపు తిరిగి ఛాతీ విరిచాడు. "ఇప్పటికైనా ఒప్పుకోండి బావా."

"ఏదో పనిచేస్తోంది," అన్నాను. ఇంత నిజాయితీగా వాడితో ఎప్పుడూ మాట్లాడలేదు.

గదిలోకి వచ్చి తలుపేసుకుని నవ్వుకున్నాను. గోధుమపిండి! ఒరే కషాయం, గోధుమపిండిరా!


ఫిబ్రవరి 10

మధ్యాహ్నాలు నేను నడుం వాల్చినప్పుడు ఆమె కుట్టుమిషను దగ్గర కూర్చుంటోంది. చేతికి ఏదో ఒక పని ఉండటం మంచిదే. కుట్టిన గుడ్డ మాత్రం ఎక్కడా కనబడలేదు.


ఫిబ్రవరి 15

చేతులు గీరుకుంటోంది. బట్టల సబ్బు మార్చాను.


ఫిబ్రవరి 19

సబ్బు మార్చినా తగ్గలేదు. వీపు కూడా. పెన్నేరు వల్ల అయితే దురద రావచ్చు. కానీ ఆమె తినేది నా పిండి. కాబట్టి నీళ్లు. ఈ భవనం ట్యాంకు కడిగి ఎన్నాళ్లయిందో అని అసోసియేషన్ సెక్రటరీని నిలదీశాను. వాడు రిజిస్టరు తిరగెయ్యడం మొదలుపెట్టాడు. నీళ్లే.


ఫిబ్రవరి 22

నాలుగో కీమోకని కషాయం కారులో వెళ్లాం. డాక్టరు చిన్నది, మా ఇంట్లో పుస్తకాలు కొన్ని ఆమెకంటే పెద్దవి. కింది రెప్ప లాగి చూసింది. అప్పుడు నేనూ చూశాను. తెల్లగుడ్డు తెల్లగా లేదు. రోజూ పొద్దున్నే ఆ మొహానికి ఎదురుగానే నిలబడుతున్నాను, గ్లాసు వైపు చూస్తూ.

రక్తపరీక్షలో లివర్ అంకెలు ఎక్కడో పైన ఉన్నాయి. వెంటనే కడుపు స్కాన్ తీశారు. పైత్యపు గొట్టాల్లో అడ్డేమీ లేదన్నారు.

"ఇవాళ కీమో ఇవ్వను," అంది డాక్టరు. "అమ్మా, నేను రాసినవి కాకుండా ఇంకేమైనా వాడుతున్నారా? పొడులు, పసర్లు, ఎవరైనా ఇచ్చిన టానిక్కు?"

ఆమె చేతిసంచి పట్టీ మెలిపెడుతోంది. కషాయం నేల చూపులు చూస్తున్నాడు.

ఆ క్షణం కోసం ఎన్నేళ్లు కాచుకుని కూర్చున్నాను!

"వాడుతోంది," అన్నాను. "పెన్నేరు పొడి. తయారుచేసిన పరిశోధకుడు కూడా ఇక్కడే ఉన్నాడు, అదిగో."

డాక్టరు అరవలేదు. "ముందే చెప్పుంటే తిట్టేదాన్ని కాదమ్మా. లెక్కలోకి తీసుకునేదాన్ని, అంతే." కషాయం వైపు తిరిగింది. "ఇది అందరికీ హాని చేస్తుందని నేను అనను. ఎవరికి చేస్తుందో ముందుగా తెలియదు. కీమోలో ఉన్నవాళ్లతో ఆ జూదం ఆడకూడదు. ఇవాళే ఆపెయ్యండి. రెండు వారాల్లో అంకెలు దిగితే ఇదే కారణం అనుకుందాం. దిగకపోతే లోపల వెతకాలి."

"లోపలంటే?" అని అడిగింది ఆమె.

"జబ్బు లివర్‌కు చేరిందేమోనని, అమ్మా. చిన్నచిన్న మచ్చలు ఈ స్కాన్‌లో కనబడకపోవచ్చు."

బయట వరండాలో కషాయం నా చెయ్యి పట్టుకోబోయాడు. "బావా, ఇన్నేళ్లలో నా పొడి తిని ఎవరికీ ఏమీ..."

"ఏమీ కాలేదని నీకెలా తెలుసు? పోయినవాళ్లు కొట్టుకొచ్చి ఫిర్యాదు చేస్తారా?"

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మమ్మల్ని దించి, పైకి రాకుండానే వెళ్లిపోయాడు.

చాలా రోజుల తర్వాత ఇవాళ హాయిగా నిద్ర పడుతుంది.


ఫిబ్రవరి 23

పట్టలేదు.


ఫిబ్రవరి 24

ఆమె తిన్నది గోధుమపిండి.


ఫిబ్రవరి 25

నేను డబ్బా మార్చకముందు పది రోజులు అసలు పొడే తింది కదా. ఆ పాతదే ఒంట్లో మిగిలి ఉంటుంది. కొన్ని కేసుల్లో లివర్ లక్షణాలు ఆలస్యంగా బయటపడ్డాయని ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తు రావడం లేదు. వెతికాను. పాతదే అయ్యుంటుంది.


ఫిబ్రవరి 26

ఆలస్యంగా బయటపడటమంటే, తింటూ ఉండగా కొన్ని వారాలకు బయటపడటం. మానేసిన నెలకు అని కాదు. పత్రం దొరికింది. దొరక్కపోతే బావుండేది.


ఫిబ్రవరి 28

కషాయం రావడం లేదు. ఫోను లేదు. కొట్టు మూసి ఉందని జడ్జి చెప్పాడు, లిఫ్టులో.

"వాణ్ని రావద్దన్నారా?" అని అడిగింది.

"నేనెందుకంటాను?"

"మీరు నోటితో అననక్కర్లేదు."

అన్నం రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేసింది. పాలు తెచ్చిచ్చాను, ఉత్త పాలు. పొడి ఆపమన్నారు కాబట్టి పిండి కూడా ఆపాల్సి వచ్చింది. అలవాటుగా తాగేదాకా నిలబడ్డాను.

"ఇక ఇందులో ఏం లేదుగా, కూర్చోండి," అంది.

ఏ అర్థంతో అందో.


మార్చి 1

పొడి కాకపోతే ఏమిటి? ఒకటి కీమో మందే అయ్యుండాలి. రెండోది, డాక్టరు 'లోపల' అన్నది. డాక్టరు రెండు వారాలు ఆగుదామంది, పొడి కడిగేసుకు పోవడానికి. లేని పొడి ఎక్కడికి పోతుంది? ఆ మాట తెలిసినవాణ్ని ప్రపంచంలో నేనొక్కణ్నే. ఆమె ఒంట్లో ఏదో పెరుగుతూ ఉంటే, దానికి గడువిచ్చింది నేనే.

నోరు విప్పితే కషాయం ఊరేగుతాడు. తాను నిర్దోషి, బావ దొంగ. విప్పకపోతే.

ఇంకా వారం ఆగితే వాళ్లే మళ్లీ పరీక్ష చేస్తారు. వాళ్లకే తెలుస్తుంది.

లేదు.


మార్చి 2

ఒక్కణ్నే ఆసుపత్రికి వెళ్లాను. రోగుల వరుసలో కూర్చున్నాను. నా ముందున్న ఆవిడ "మీకు ఎక్కడండీ?" అని అడిగింది. నాకేం లేదన్నాను. "అదృష్టవంతులు," అంది.

డాక్టరు మధ్యలో ఆపకుండా విన్నది.

"ఎప్పట్నుంచి పిండి ఇస్తున్నారు?"

"జనవరి చివరి నుంచి."

"మరి ఆ రోజు నా ముందు చెప్పింది?"

"డబ్బా పెన్నేరుదేనమ్మా," అన్నాను. పైకి అన్నాక అది ఎలా వినిపించిందో నాకే తెలిసింది.

కలం కింద పెట్టింది. "మీ సైన్సు పేజీ మా నాన్న కత్తిరించి దాచేవారు సార్." అంతే అంది. తిట్టి ఉంటే మాట తిప్పి కొట్టేవాణ్ని.

ఎల్లుండికి పెద్ద స్కాన్ రాసింది. అవసరమైతే లివర్‌లోకి సూది పెట్టి ముక్క తీస్తారు. "ఇంటికెళ్లి ఆవిడకు చెప్పండి. స్కాన్ ఎందుకో, ఇవాళే ఎందుకు రాయాల్సి వచ్చిందో అంతా చెప్పండి. నేను చెప్పను."


మార్చి 3

నిన్న చెప్పలేకపోయాను. ఇవాళ చెప్పాను.

ఆమె మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పిండి సంగతి చెప్పాను. డాక్టరు దగ్గర ఆ రోజు అది ఎందుకు దాచానో చెప్పాను. స్కాన్ గురించి, సూది గురించి చెప్పాను. ఆమె మడతపెట్టడం ఆపలేదు. నా చొక్కా చేతులు వెనక్కి మడిచి, ఒళ్లో పెట్టుకుని, చదును చేసింది.

"సూది అక్కర్లేదు," అంది.

"అది చెప్పాల్సింది డాక్టరు."

"అక్కర్లేదండీ. నేను తింటూనే ఉన్నాను."

లేచి, మంచం కోడు పట్టుకుని, కుట్టుమిషను దాకా వెళ్లింది. సొరుగు లాగింది. దారపుండల వెనక చిన్న డబ్బా. మూత తీయకముందే తెలిసింది నాకు. గుర్రం.

"మీరు పిండి పోశారని ఆ రోజే తెలుసు. వాణ్ని అడిగి వేరే తెప్పించుకున్నాను. వాడికి కూడా చెప్పలేదు ఎందుకో. 'ఇంకొంచెం తేరా, చాలట్లేదు' అన్నాను."

"వాసనలు తెలియడం లేదన్నావుగా?"

"వాసనెందుకండీ? ఇంటికొచ్చేసరికి మూకుడు కడిగి బోర్లించి ఉంది. ఈ ఇంట్లో మీరు ఎప్పుడైనా మంచినీళ్లు తాగిన గ్లాసు కడిగారా? అది కూడా నేను పెట్టే చోట కాదు, కిటికీలో, ఎండ తగిలేలా. వంటింట్లోకి దొంగ వచ్చి గిన్నెలు తోమి వెళ్లాడా అనుకున్నాను. తర్వాత మెంతులు తగిలాయి నాలిక్కి."

నేను కూర్చున్నాను.

"తెలిసి కూడా నా పిండి ఎందుకు తాగావు?"

"మీరు పొద్దున్నే లేచి, పాలు కాచి, చెంచా తిప్పి, నేను తాగేదాకా నిలబడుతున్నారు. నాకు జబ్బు రాకముందు ఎన్నడైనా నిలబడ్డారా? తాగాను. మధ్యాహ్నం మీరు పేపరు మొహం మీద వేసుకున్నాక వాడిది తినేదాన్ని. వాడు రోజూ ఫోను చేస్తాడు, తిన్నావా అక్కా అని. వాడికి అబద్ధం చెప్పడం నాకు రాదు." కాస్త ఆగింది. "రెండిట్లో మీదే ఎక్కువ చేదు."

"డాక్టరు అంత నేరుగా అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్పేశారుగా. మీ మొహం వెలిగిపోతోంది. వాడి మొహం చచ్చిపోయి ఉంది. నా నోటితో కూడా ఎందుకు వాణ్ని నరకడం అనుకున్నాను. ఆపమంది, ఆ రోజే ఆపేశాను. చూడండి, సగం డబ్బా అలాగే ఉంది."

అంటే పొడే. లివర్‌కు జబ్బు చేరలేదేమో. నేను మొదటి రోజు చదివి వినిపించిందే జరిగింది. నా గుండె ఒక్క గంతు వేసింది. అది ఆమె బతుకుతుందని వేసిన గంతు కాదు. కషాయం ఓడిపోయాడని వేసింది. ఆమె బతుకుతుందన్న ఆలోచన దాని వెనక వచ్చింది, ఒక్క క్షణం ఆలస్యంగా. దీన్ని ఇక్కడ కూడా రాయకపోతే ఈ డైరీ దేనికి?


మార్చి 4

ఆమే స్వయంగా డాక్టరుకు అంతా చెప్పింది. ఇద్దరం బడిలో దొరికిపోయిన పిల్లల్లా కూర్చున్నాం.

"మీ ఇంట్లో నాకు నిజం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అంది డాక్టరు.

"పనిమనిషి లేదమ్మా," అంది ఆమె. "ఉంటే అదే చెప్పేది."

డాక్టరుకు నవ్వొచ్చింది. నాకు రాలేదు.

రక్తం మళ్లీ తీశారు. అంకెలు దిగుతున్నాయి. అయినా స్కాన్ తీశారు. లివర్ శుభ్రంగా ఉంది. సూది అవసరం పడలేదు. కింద మందుల షాపు దగ్గర ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను. అక్కడ దుమ్ము ఎక్కువ.

వచ్చేముందు అడిగాను. "అయితే కారణం పెన్నేరే అని రాస్తారుగా?"

"అనుమానం దాని మీదే ఎక్కువ సార్. ఇక జన్మలో ముట్టుకోవద్దు. కానీ కీమో ఆగింది, పొడి ఆగింది, మీ పిండీ మెంతులూ ఆగాయి. మూడూ ఒకే రోజు." నా వైపు చూసింది. "ఇలాంటి రుజువు మీ పేజీకి వస్తే వేసేవారా?"

వేసేవాణ్ని కాదు. ఉతికి ఆరేసేవాణ్ని.

'ఇంట్లో రెండు రకాల పొడులు వాడారు' అని రాసుకుంది. రెండు రకాలు! నాదీ వాడిదీ పక్కపక్కనే, ఒకే వాక్యంలో.


మార్చి 7

కషాయం కొట్టుకు వెళ్లాను. మెట్లున్నాయి. నిటారుగా ఉన్నాయి. సగంలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

వాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు, స్టూలు తుడిచి వేశాడు. కూర్చోలేదు నేను. మొత్తం చెప్పాను, పిండితో సహా. అక్క రెండూ తిందని చెప్పాను. కీమోలో ఉన్నవాళ్లు ఎవరొచ్చినా ఇవ్వొద్దని, ముందు వాళ్ల డాక్టరుకు చెప్పమని చెప్పాను.

తుడిచిన స్టూలునే మళ్లీ తుడిచాడు. తర్వాత అడిగాడు.

"పిండిలో ఏం కలిపారు?"

"మెంతులు."

"మాడ్చారా?"

"మొదటి వాయి. అది పారబోశాను."

"మరి నా పొడే అని ఎలా అంటారు బావా?"

గొంతు వరకూ వచ్చింది సమాధానం. డాక్టరు మాట గుర్తొచ్చి అక్కడే ఉండిపోయింది. ఇక వాడు చచ్చేదాకా ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటాడు. వాడి చేతికి ఆ కర్ర ఇచ్చింది నేనే.

వెళ్లబోతూ అన్నాను, అనకూడదనుకుంటూనే. "అలసట మీద ఒక పరిశోధన ఉంది. వందమందితో. నీకు అనుకూలంగానే ఉంది. లోపాలున్నాయనుకో."

"తెలుసు బావా. అక్కకు చదివి వినిపించింది నేనే. మీరు చదవలేదటగా ఆ ఒక్కటీ."

మెట్లు దిగుతూ వెనక్కి చూశాను. అరలోంచి పెన్నేరు జాడీ దించి బల్ల కింద పెడుతున్నాడు. నేను వెళ్లిపోయాననుకున్నాడు.


మార్చి 16

మళ్లీ కీమో మొదలైంది, కాస్త తగ్గించిన మోతాదుతో. కళ్లు తెల్లబడ్డాయి. దురద లేదు. ఒళ్లు మళ్లీ పిండిన గుడ్డే.


మార్చి 19

"ఈ నిస్సత్తువకు మీ పుస్తకాల్లో ఏమైనా ఉందా?" అని అడిగింది. "సగం దాచకుండా చెప్పండి."

"నడక," అన్నాను. "అన్నిటికంటే గట్టి రుజువు దానికే ఉంది. రోజూ కొంచెం. చేతనైనంత."

"అంతేనా? పొడీ గిడీ ఏం లేదా?"

"లేదు."

కషాయం కూడా అక్కడే ఉన్నాడు. మూడు వారాల తర్వాత మొదటిసారి వచ్చాడు, ఖాళీ చేతులతో. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. "నడక మంచిదే అక్కా," అన్నాడు. "నేనెప్పుడో చెప్పాను." ఎప్పుడూ చెప్పలేదు. ఊరుకున్నాను.

ఫ్లాటు బయట వరండా పొడుగ్గా ఉంటుంది, ఈ చివర లిఫ్టు, ఆ చివర కిటికీ. ఆమె చెప్పులేసుకుని గుమ్మం దాటింది. నేను కుడివైపు నుంచి చెయ్యి అందించాను. వాడు ఎడమవైపు నుంచి అందించాడు.

"నా చెయ్యి పట్టుకో, జారతావు," అన్నాను.

"అక్కా, ఇటు పట్టుకో. బావే పడేలా ఉన్నాడు."

"నేనా పడేది?"

ఆమె వాడి చేతి వైపు చూసింది. నా చేతి వైపు చూసింది.

"మీరిద్దరూ కాస్త పక్కకు జరగండి," అంది.

గోడ పట్టుకుని నడిచింది.